విశాఖపట్నం దంతపు కర్రసామాను: ఆకారం, అలంకారం, కర్తృత్వం

ఉపోద్ఘాతం

1781లో ఇంగ్లాండు రాజు మూడవ జార్జి తన రాణి షార్లెట్ కోసం ఒక వేలంలో కొన్ని కుర్చీలను, చిన్న బీరువాలను కొన్నాడు. మద్రాసులోని సెయింట్ జార్జి కోటకు 1773 నుంచి 1775 వరకు గవర్నరుగా ఉన్న అలెగ్జాండర్ వించ్ ఇంటి సామాను అది. మంచిగంధపు చెక్క మీద ఏనుగుదంతపు రేకులు తాపడం చేసి, వాటిపై పూలతీగలు చెక్కిన ఆ వస్తువులు తయారైన ఊరు విశాఖపట్నం. నేటికీ అవి బ్రిటిష్ రాజకుటుంబపు సేకరణలో ఉన్నాయి. వాటి చరిత్రలో అమ్మినవారి పేరు, కొన్నవారి పేరు, చేతులు మారిన సంవత్సరం అన్నీ నమోదయ్యాయి. చేసినవారి పేరు మాత్రం లేదు.

ఈ కర్రసామానును కళాచరిత్రకారులు సాధారణంగా 'ఆంగ్లో-ఇండియన్ శైలి' అనే శీర్షిక కింద వర్ణిస్తారు. ఆకారం యూరపుది, అలంకారం భారతదేశానిది అన్నది ఆ పేరులోని సూత్రం. సూత్రం తప్పు కాదు. అయితే అది రెండు భాగాలకు సమాన గౌరవం ఇవ్వదు. ఆకారాన్ని శైలిగా, అలంకారాన్ని ఆ శైలికి అంటిన ప్రాంతీయపు రంగుగా లెక్కిస్తుంది. కుర్చీ ఏ ఆంగ్లరాణి కాలపు పద్ధతిలో ఉందో చెప్పడానికి ఒక పేరా, పూలతీగకు ఒక వాక్యం కేటాయించడం ఇలాంటి వర్ణనల్లో పరిపాటి. విశాఖపట్నపు సామాను విషయంలో ఈ క్రమాన్ని తలకిందులు చేసి చదవవలసి ఉందని, అలా చదివితే ఏది మేలైన పని, ఏది తక్కువ పని అన్న నిర్ణయం కూడా మారుతుందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రేవు, కర్ర, దంతం

ఈ పని విశాఖపట్నంలోనే వర్ధిల్లడానికి కారణాలు ఆ ఊరి వర్తకంలో ఉన్నాయి. 17వ శతాబ్ది చివరిభాగంలో ఆంగ్లేయ ఈస్టిండియా కంపెనీ అక్కడ వర్తకస్థానం నెలకొల్పింది. కొద్ది మైళ్ల దూరంలోని భీమునిపట్నంలో డచ్చివారు అప్పటికే ఉన్నారు. వీరందరినీ ఈ తీరానికి రప్పించింది లోపలి గ్రామాల్లో నేసిన నూలుబట్ట. బట్ట కోసం వచ్చిన ఓడలు, వర్తకులు, వారి ఇళ్లు, ఆ ఇళ్లకు కావలసిన సామాను ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. టేకు, దంతం బర్మా దిక్కునుంచి సముద్రం మీద దిగుమతయ్యేవి. తూర్పు కనుమల అడవులు దగ్గరే. రోజ్‌వుడ్ అని నేడు పిలిచే ఇరుగుడు కర్ర, ఎబొనీ జాతి నల్లచేవ కర్ర, మంచిగంధం దక్షిణదేశపు వర్తకంలో దొరికేవే.

1756 నాటికి ఈ పనికి పేరు వచ్చింది. ఆ సంవత్సరం ఆ ప్రాంతాన్ని చూసిన సైనికాధికారి జాన్ కార్నీల్ తన దినచర్యలో అక్కడి అద్దకపు బట్టను, దంతం పొదిగిన కర్రపనిని రెండింటినీ మెచ్చుకున్నాడు. ఒకే చోట ఈ రెండూ ప్రస్తావనకు రావడం గమనించదగిన విషయం. బట్టకూ కర్రకూ గల ఈ పొరుగుతనమే తరువాతి చర్చకు ఆధారం.

పనివిధానం స్థూలంగా రెండు రకాలు. మొదటిది పొదుగుడు. ఇరుగుడు, టేకు, నల్లచేవ వంటి ముదురురంగు కర్రలో గాడి తీసి, ఆ గాడికి సరిపడేటట్టు కోసిన దంతపు ముక్కను అందులో అమరుస్తారు. ఆ ముక్క మీద ఆకు ఈనెలు, పూరేకుల మడతలు సన్నని గీతలుగా చెక్కి, గీతల్లో నల్లలక్క నింపుతారు. రెండవది తాపడం. కర్ర కనబడకుండా పైభాగమంతా పలుచని దంతపు రేకులతో కప్పి, రేకుల మీద బొమ్మ చెక్కి, అదే విధంగా లక్క నింపుతారు. స్థూలంగా 18వ శతాబ్ది మధ్యభాగం వరకు పొదుగుడు ప్రధానం. 1770ల నాటినుంచి తాపడం ప్రాబల్యం పెరిగింది. రెండూ కొంతకాలం పక్కపక్కనే సాగాయి గనుక ఈ విభజనను కచ్చితమైన సరిహద్దుగా తీసుకోరాదు.

తెలుగింటి కూర్పులో ఈ సామాను స్థానం

ఆనాటి తెలుగు గృహంలో ఈ వస్తువులకు చోటు లేదు. కూర్చోవడానికి పీట, చాప, పడుకోవడానికి నులకమంచం, కలవారి ఇళ్లలో పందిరిమంచం, ఊగడానికి ఉయ్యాలబల్ల, దాచడానికి భోషాణం, కావడిపెట్టె, తగిలించడానికి చిలకకొయ్య, దీపానికి గోడలో గూడు. శరీరం నేలకు దగ్గరగా ఉండే జీవనవిధానం అది. అలంకారం కూడా ఎక్కువగా కదలని చోట్ల మీదనే నిలిచింది. సింహద్వారపు చెక్కడం, గడపకు పసుపు, వాకిట ముగ్గు, స్తంభపు బోదె అందుకు ఉదాహరణలు. నాలుగు కాళ్ల మీద నేలకు ఎత్తుగా నిలబడి, వీపుకు ఆనుడు గల ఆసనం రాజసభకు, దేవతామూర్తికి తెలిసినదే గాని నిత్యగృహస్థ జీవితానికి అవసరమైనది కాదు.

భాష ఈ సంగతికి సాక్ష్యం చెబుతుంది. పీట, మంచం అనేవి సంస్కృతమూలం గల పాతపదాలు. బల్ల దేశ్యం. వీటి సరసన నిలిచిన కుర్చీ అరబ్బీ నుంచి పారసీకం, ఉర్దూల మీదుగా వచ్చింది. అలమారకు మూలం పోర్చుగీసు. బీరువా అనే మాటను 'బ్యూరో' అనే ఫ్రెంచి, ఆంగ్ల పదంతో ముడిపెట్టడం వాడుక. ఆ మాటకు ఐరోపాలో తొలి అర్థం రాతబల్ల. విశాఖపట్నపు పనివారు దంతం పొదిగి తయారుచేసిన ముఖ్యవస్తువుల్లో ఇదీ ఒకటి. కింద సొరుగులు, మధ్యలో వాల్చి రాసుకోవడానికి వీలైన పలక, పైన తలుపుల అర అమర్చిన పెద్ద రాతబీరువా అది. తెలుగువాడుకలో ఆ పదం రాతను పూర్తిగా వదులుకుని, చీరలు, నగలు దాచే ఇనుపపెట్టెకు పేరైంది. పదం విశాఖపట్నం ద్వారానే వచ్చిందని చెప్పడానికి ఈ పోలిక చాలదు. పరాయి వస్తువు ఇంట్లోకి వచ్చినప్పుడు తెలుగువారు దాని ఆకారాన్ని ఉంచుకుని ప్రయోజనాన్ని మార్చుకున్నారన్న మాటకు మాత్రం ఇది చాలు.

కనుక 18వ శతాబ్దిలో ఈ రాతబీరువాను చేసిన వ్యక్తి తన ఇంట లేని వస్తువును, తాను కూర్చోని భంగిమకోసం, తాను రాయని లిపి రాసేవారికోసం చేశాడు. ఆకారం అతనికి పూర్తిగా బయటినుంచి వచ్చింది. ఓడలో దిగిన కుర్చీయో, కంపెనీ ఉద్యోగి ఇచ్చిన నమూనాయో అందుకు ఆధారం. 1754లో లండనులో వెలువడిన చిప్పెండేల్ నమూనాల గ్రంథం వంటి ముద్రితపుస్తకాలు ఆ శతాబ్ది ఉత్తరార్ధంలో ఆంగ్ల అభిరుచిని దూరదేశాలకు చేరవేశాయి. ఆకారాన్ని మార్చే స్వేచ్ఛ పనివానికి చాలా తక్కువ.

ఆకారాన్ని నమ్మితే వచ్చే చిక్కు

ఆకారం ఆధారంగా శైలిని నిర్ణయించే పద్ధతి ఎంత ప్రమాదకరమో చూపే ఉదంతం ఒకటి కర్రసామాను చరిత్రలోనే ఉంది. 17వ శతాబ్దిలో కోరమాండల్ తీరాన నల్లచేవ కర్రతో, మెలితిరిగిన కమ్ములతో, ఒత్తుగా చెక్కిన పూలపనితో చేసిన కుర్చీలు ఇంగ్లాండు చేరాయి. 18వ శతాబ్దిలో హొరేస్ వాల్పోల్ వాటిని ట్యూడర్ రాజుల కాలపు ఆంగ్లసంపదగా పొరబడి, స్ట్రాబెరీ హిల్‌లోని తన భవనానికి సేకరించాడు. ఆయనను చూసి ఇతరులూ అదే నమ్మారు. మెలికల కమ్ములు, బరువైన చట్రం ప్రాచీన ఇంగ్లాండును తలపించడమే ఇందుకు హేతువు. కర్ర జాతి, చెక్కడపు రీతి, తీరంలోని వర్తకపు నమోదులు పరిశీలించిన తరువాతి పరిశోధకులు ఆ పొరపాటును సరిదిద్దారు. ఆకారం చూసినవారు ఆ కుర్చీల పుట్టుకను పొరబడ్డారు. పైపనిని చూసినవారికి అది దొరికింది.

'యూరపు ఆకారం' అనే మాట కూడా విచారించదగినదే. విశాఖపట్నపు కుర్చీల్లో చాలావాటి ఆసనం పేముతో అల్లినది. ఉక్కపోతకు, పురుగుకు పట్టుబట్టల దిండుకంటె పేము అనువైనది. పేముకుర్చీ ఇంగ్లాండులో వాడుకకు వచ్చింది 17వ శతాబ్ది ఉత్తరార్ధంలో, ఆసియా వర్తకం ఫలితంగా. అంటే విశాఖపట్నపు పనివానికి నమూనాగా అందిన ఆంగ్లపుకుర్చీలో అప్పటికే ఆసియా పనితనం కొంత ఉంది. అక్కడిది, ఇక్కడిది అని గీత గీసినప్పుడల్లా ఆ గీత కుర్చీ మధ్యలోనుంచి పోతుంది.

తెలుగు సాహిత్యవిమర్శకు ఈ చిక్కు కొత్తది కాదు. 'రాజశేఖర చరిత్రము'ను గోల్డ్‌స్మిత్ నవలతో పోల్చి అనుసరణమా, స్వతంత్రమా అని జరిగిన చర్చలో కూడా ప్రశ్న ఇదే. ప్రక్రియ ఎక్కడిదన్న దానితో రచన విలువ తేలదని, ఆ చట్రంలో రచయిత ఏ జీవితాన్ని ఎలా కూర్చాడన్నది చూడాలని సాహిత్యవిమర్శ క్రమంగా గ్రహించింది. కర్రసామాను విమర్శ ఇంకా తొలి ప్రశ్న దగ్గరే ఎక్కువగా ఆగి ఉంది.

అంచు, నడిమి నేల

పొదుగుడు కాలపు సామానును దగ్గరగా పరిశీలిస్తే ఒక నియమం కనిపిస్తుంది. దంతం ప్రధానంగా అంచుల వెంట నడుస్తుంది. సొరుగు ముఖానికి నాలుగు వైపులా వెడల్పైన పూలతీగ ఉంటుంది. నడుమ కర్ర ఖాళీగానో, ఒక చిన్న పూరెమ్మతోనో నిలుస్తుంది. కుర్చీ వీపు నడిమి పలకకు, ఆసనపు చట్రానికి, రాతబీరువా తలుపులకు ఇదే పద్ధతి. ముదురుకర్ర నేల, తెల్లని తీగ అంచు, అంచు లోపల విశ్రాంతి అన్నవి ఈ కూర్పులోని మూడు అంశాలు.

ఈ కూర్పు వడ్రంగం నుంచి వచ్చినది కాదు. దీని పోలిక తీరప్రాంతపు అద్దకపు బట్టలో ఉంది. మచిలీపట్నం మొదలుకొని ఈ తీరమంతటా ఎగుమతికోసం తయారైన పలంపోరులో అంచు, నడిమి నేల అన్న విభజన ప్రాణం. పలంపోరు అనే పేరే మంచపు కప్పు అనే అర్థం గల పదం నుంచి వచ్చింది. ఆంగ్లగృహంలో అది మంచం మీద, గోడ మీద పరచుకున్న వస్త్రం. అంటే ఒకే తీరం నుంచి ఒకే ఇంటికి బట్టా, బీరువా రెండూ వెళ్లాయి. అవి ఒకదానితో ఒకటి కలిసి ఉండడం యాదృచ్ఛికం కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పవలసి ఉంది. అద్దకపు బట్టమీది పువ్వు మాత్రం స్వదేశీయమా? కంపెనీ వర్తకులు లండను నుంచి నమూనాలు పంపి, నేల ఎరుపు బదులు తెలుపుగా ఉండాలని కోరి, తమ కొనుగోలుదారులకు నచ్చే పూలను అద్దించుకున్నారు. పారసీక లత, చైనా పువ్వు, ఆంగ్లుల కుట్టుపని కలిసిన రూపం అది. కాబట్టి ఆకారం వారిది, పువ్వు మనది అన్న సులువైన పంపకం నిలవదు. ఆక్షేపణ న్యాయమైనదే. అయితే దానివల్ల తేలేది పువ్వు పుట్టుక గురించి మాత్రమే. పువ్వును ఎక్కడ నాటాలి, తీగను ఏ మూలలో ఎలా తిప్పాలి, ఎంత నేల ఖాళీగా వదలాలి అన్నవి పుట్టుకకు సంబంధించిన ప్రశ్నలు కావు, నిర్వహణకు సంబంధించినవి. బట్ట చదునైనది, దానికి నాలుగే మూలలు. కుర్చీకి వంపు తిరిగిన కాలు, సన్నబడే చేయి, మధ్యలో ఉబ్బి కొసలో కుంచించుకునే పలక ఉన్నాయి. బట్ట మీది అంచును ఈ వంపుల మీదికి తెచ్చినప్పుడు ప్రతి మలుపులోనూ కొత్తగా నిర్ణయం తీసుకోక తప్పదు. ఏ ఆంగ్ల నమూనాగ్రంథమూ ఆ నిర్ణయాన్ని చెప్పదు. బట్టనమూనా కూడా చెప్పదు.

సమస్య, పూరణ

ఈ స్థితిని వివరించడానికి తెలుగువారికి సొంత పరిభాష ఉంది. అవధానంలో పృచ్ఛకుడు సమస్య ఇస్తాడు. పాదం అతనిది, ఛందస్సు దానితోనే నిర్ణయమైపోతుంది. అవధాని ఆ పాదాన్ని మార్చడానికి వీలులేదు. అయినా పద్యం పృచ్ఛకునిది అని ఎవరూ అనరు. ఇచ్చిన పాదం తన ముందున్న మూడు పాదాల బలంతో కొత్త అర్థం పొందినప్పుడు ఆ ప్రతిభ పూరించినవానిదే. విశాఖపట్నపు పనివానికి ఆంగ్లపు కుర్చీ ఇటువంటి సమస్య. పూలతీగ అతని పూరణ.

పూరణ సఫలమైందో లేదో తేల్చడానికి ఔచిత్యమే కొలత. అలంకారం అలంకార్యాన్ని ఎరిగి ఉండాలి. మేలైన పొదుగుడు పనిలో తీగ కుర్చీకాలి వంపుతో పాటే వంగుతుంది. కాలు సన్నబడిన చోట పువ్వు చిన్నదై మొగ్గ అవుతుంది. సొరుగు అంచుల కూడలిలో తీగలు ఢీకొనకుండా ఒక పెద్దపువ్వు వాటిని కలుపుతుంది. దంతం తెలుపు కర్ర నలుపుకు ఎదురుగా నిలిచి వస్తువు ఆకృతిని దూరం నుంచే చదివిస్తుంది. ఆకారానికి అలంకారం ఉపకరిస్తూనే దాన్ని తన దారిలోకి తెచ్చుకుంటుంది. ఆంగ్లదేశంలో అదే కాలంలో చేసిన మామూలు వాల్నట్ కుర్చీలో గుర్తింపు వంపుది. విశాఖపట్నపు కుర్చీలో ఆ వంపు మీద నడిచిన తీగే చూపరికి గుర్తుండిపోతుంది.

ఈ పనిలో పదార్థం కూడా ఒక నియమం విధిస్తుంది. ఏనుగుదంతం వంకరగా ఉంటుంది, లోపల కొంతమేర బోలుగా ఉంటుంది. దానినుంచి వెడల్పైన పలకలు రావు. పొదుగుడులో ఆకు, పువ్వు, తొడిమ విడివిడి ముక్కలు గనుక ఈ పరిమితి అడ్డు రాదు. చిన్నముక్కల కళకు చిన్నముక్కల పదార్థం సరిగ్గా కుదిరింది. తాపడంలో కథ వేరు. పెద్దతలాన్ని కప్పడానికి అనేక రేకులను అతకాలి. అతుకులు కనబడకుండా ఉండేందుకు అంచుగీతలను వాటి మీదుగా నడపాలి. అలంకారం ఇక్కడ ఆకారానికి బదులిచ్చే పని కొంత వదులుకుని, లోపాన్ని మరుగుపరిచే పనిలో పడింది.

దంతం మీది భవనాలు

18వ శతాబ్ది చివరి భాగానికి విశాఖపట్నపు పనిలో ఒక పెద్దమార్పు స్థిరపడింది. తాపడం చేసిన తెల్లని తలం మీద పూలతీగ అంచుకే పరిమితమై, నడిమి నేలను భవనాలు ఆక్రమించాయి. స్తంభాల మంటపాలు, ఆంగ్లజమీందారుల ఇళ్లు, చెట్ల వరుసలు ముద్రితచిత్రాలను చూసి చెక్కినవి. చిన్నబీరువాలు, అద్దపుపెట్టెలు, కుట్టుపెట్టెలు ఈ పద్ధతిలో ఎక్కువగా వచ్చాయి. కొన్ని కుట్టుపెట్టెలు మరొక అడుగు ముందుకు వేసి, తామే ఆంగ్లపు ఇంటి రూపం దాల్చాయి. వాలుకప్పు మూతగా, గోడలు పెట్టెపక్కలుగా, వాటి మీద కిటికీలు, తలుపులు గీతలుగా చెక్కారు.

సేకర్తల లోకంలో ఈ తెల్లని వస్తువులకు మోజు ఎక్కువ. పనితనంలో లోపం లేదన్నది నిజం. లక్క నింపిన గీత రాగిపలక మీది ముద్రణగీతకు దీటుగా నిలుస్తుంది. దంతం తెల్లకాగితంలా, లక్క సిరాలా కనిపిస్తాయి. అయితే విమర్శ అడగవలసిన ప్రశ్న నైపుణ్యం ఎంత అని మాత్రమే కాదు, నిర్ణయం ఎవరిది అని కూడా. పొదుగుడులో ప్రతిమలుపూ పనివాని నిర్ణయం. భవనచిత్రంలో స్తంభాల సంఖ్య, కిటికీల దూరం, నీడ పడే దిక్కు ముందే తేలిపోయాయి. పనివాడు ఎన్నడూ చూడని ఇంటిని, ఆ ఇంటికి తిరిగి వెళ్లబోయే వ్యక్తికోసం, కాగితం చూసి దంతం మీదికి ఎత్తాడు. పూర్వం ఆకారం ఒక్కటే పరాయిది. ఇప్పుడు అలంకారం కూడా నమూనా అయింది. అవధాని పరిభాషలో చెప్పాలంటే నాలుగు పాదాలూ పృచ్ఛకుడే ఇచ్చాడు.

ఈ దశను పూర్తిగా క్షీణమని కొట్టివేయడం కూడా అన్యాయం. చిత్రం చుట్టూ ఉన్న అంచును పనివాడు వదులుకోలేదు. ఆంగ్లభవనం చుట్టూ తీరపు పూలతీగ పహరాలా నడుస్తూనే ఉంది. రెండింటి మధ్య గీత కూడా వేర్వేరుగా ఉంటుంది. భవనానికి చెక్కిన గీత నిటారుగా, సమానంగా కొలతకు లోబడి సాగుతుంది. తీగకు చెక్కినది మలుపు దగ్గర లావై కొసలో సన్నబడుతుంది. ఒకే పెట్టె మీద ఒకే చేయి రెండు విధాలుగా మాట్లాడిన సందర్భం అది. వించ్ కుర్చీలు ఈ రెండు దశల నడుమ నిలిచినవి. తాపడం వచ్చింది గాని నేల మీద ఇంకా పూలే ఉన్నాయి. అందుచేత వాటిని రాజు కొన్నాడన్న కారణంతో కాక, అంచు, నేల విభజన చెదరడానికి ముందటి చివరి మజిలీగా గుర్తించడం సముచితం.

19వ శతాబ్దిలో పెద్దసామాను తగ్గి, పెట్టెలు మిగిలాయి. మంచిగంధపు పెట్టె మీద దంతం, తాబేటిచిప్ప, దున్నకొమ్ము, ఏదుపంది ముల్లు అమర్చిన వస్తువులు ఆంగ్లేయుల జ్ఞాపికలుగా అమ్ముడయ్యాయి. గృహాన్ని నింపే శైలిగా మొదలైన పని, గృహానికి తీసుకుపోయే కానుకగా ముగిసింది.

కర్తృత్వం అనే ప్రశ్న

ఇంత పని చేసినవారు ఎవరు? పేర్లు లేకున్నా పని కొన్ని ఆనవాళ్లు ఇస్తుంది. చట్రం వడ్రంగిది. లోహం మీద నగిషీ చెక్కే ఉలిపని, గుల్లగా ఉన్న నగలో లక్క నింపే అలవాటు కంసాలివి. దంతం మీది గీత, ఆ గీతలోని లక్క ఈ రెండు అలవాట్లనూ గుర్తుచేస్తాయి. వడ్రంగి, కంసాలి ఇద్దరూ పంచాణంవారిలో భాగం. ఒకే వృత్తిసమాజంలో కర్రకూ బంగారానికీ ఉన్న ఈ చుట్టరికం దంతపు కర్రసామానుకు అనుకూలమైన నేల. అమిన్ జాఫర్ వంటి ఆధునిక పరిశోధకులు కూడా ఈ పనిని కంసాలి కుటుంబాలతో ముడిపెట్టారు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణభారత కులాల గ్రంథంలో విశాఖపట్నపు కంసాలులు దంతం, కొమ్ము, తాబేటిచిప్పలతో యూరపువారికోసం వస్తువులు చేస్తున్న సంగతి ఉంది.

అయితే 20వ శతాబ్ది తొలినాళ్ల ఆంగ్లరచనల్లో ఈ పరిశ్రమ 19వ శతాబ్ది మధ్యలో ఒక ఆంగ్లేయ అధికారి ప్రోత్సాహంతో మొదలైందన్న మాట కూడా కనిపిస్తుంది. పెట్టెల వ్యాపారానికి అధికారుల ప్రోత్సాహం తోడ్పడి ఉండవచ్చు. కానీ 1756 నాటికే ఒక సైనికుని మెప్పు పొందిన, 1781 నాటికే రాజగృహం చేరిన పనికి అంత ఆలస్యంగా ఆద్యుణ్ని వెదకడం ఆశ్చర్యకరం. ఆకారాన్ని శైలిగా భావించే దృష్టికీ, అధికారిని ఆద్యునిగా భావించే దృష్టికీ మూలం ఒకటే. నమూనా ఇచ్చినవాడే కర్త అన్న నమ్మకం అది.

ఆజ్ఞ ప్రకారం చేసిన పనిలో స్వతంత్రకర్తృత్వం ఎక్కడిది అని అడగవచ్చు. తెలుగుసాహిత్యంలో ప్రబంధాలు అనేకం ప్రభువుల కోరికమీద పుట్టాయి. కృతిభర్త కోరిక కవి కర్తృత్వాన్ని హరించలేదు. తేడా ఒక్కటే. కవి తన పేరును, వంశాన్ని అవతారికలో, ఆశ్వాసాంత గద్యలో నిలుపుకున్నాడు. పనివానికి ఆశ్వాసాంతం లేదు. అతని అవతారిక కూడా, గద్య కూడా అంచులోని తీగే. అందుకే ఆ అంచును ఒక వాక్యంలో దాటిపోవడం కేవలం వర్ణనలోపం కాదు. కర్త తనవంతుగా మిగిల్చిన ఏకైక పత్రాన్ని చదవకుండా పక్కన పెట్టడం.

పదార్థం గురించి ఒక మాట చెప్పకుండా ఈ ప్రశంస పూర్తి కాదు. ప్రతి తాపడం వెనుక చచ్చిన ఏనుగు ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని తరువాతి సవరణలు, అంతర్జాతీయ ఒప్పందాలు దంతపు వర్తకాన్ని ఆపడం న్యాయమే. ఆ పని తిరిగి రావాలని కోరవలసిన అగత్యం లేదు. తిరిగి రాదు గనుకనే, మిగిలిన వస్తువులను జాగ్రత్తగా చదవడం అవసరం.

ముగింపు

విశాఖపట్నం దంతపు కర్రసామానులో ఆకారం ఇచ్చినది, అలంకారం పూరించినది. ఆకారం వైపునుంచి చదివితే ఇవి ఆంగ్ల అభిరుచికి దూరపు ప్రతిధ్వనులు. అంచు వైపునుంచి చదివితే తీరపు అద్దకాన్ని వంపుతిరిగిన కర్ర మీదికి తెచ్చిన స్వతంత్రనిర్ణయాలు. ఈ కొలత ప్రకారం పూర్తిగా తెల్లబడిన భవనచిత్రాల పెట్టెలకంటె, నల్లని నేలను విడిచిపెట్టి అంచున తీగ నడిపిన తొలినాటి బీరువా, కుర్చీ ఉత్తమమైనవి. వాటిలో చెయ్యితో పాటు ఆలోచన కూడా విశాఖపట్నానిదే.

ఈ చదువు ముందుకు సాగడానికి కావలసిన పనిముట్లు తెలుగులోనే ఉన్నాయి. మచిలీపట్నం, పెడన ప్రాంతాల అద్దకంలో అంచు రకాలకున్న పేర్లు, కంసాలి, వడ్రంగి వృత్తుల్లో ఉలులకు, గీతలకు, అతుకులకు ఉన్న పదాలు ఆ వృత్తులవారి నోట ఇంకా కొంతవరకు బతికి ఉన్నాయి. వాటిని సేకరించి, విదేశాల ప్రదర్శనశాలల్లోని వస్తువుల ఛాయాచిత్రాల పక్కన పెట్టి పోల్చే పని తెలుగుశాఖలు, చరిత్రశాఖలు కలిసి చేయదగినది. రాణి షార్లెట్ కుర్చీ మీద పువ్వు కింద ఆకు తిరిగిన మలుపుకు కంసాలి ఏ పేరు పెట్టుకున్నాడో తెలిస్తే, ఆ కుర్చీ చరిత్రలో అమ్మినవారి, కొన్నవారి పేర్ల పక్కన చేసినవారి మాట ఒకటైనా చేరుతుంది.